భక్త సూరదాసు

ఢిల్లీ నుండి దక్షిణముగా మథురకు పోవు బాటలో, బల్లభ్‌గఢ్ పట్టణమునకు చేరువగా సీహీ యను పల్లె యుండెడిది. ఇప్పుడది ఫరీదాబాదు నగరములో కలిసిపోయినది. 2018వ సంవత్సరమున ఢిల్లీ మెట్రోరైలు బల్లభ్‌గఢ్ వరకు సాగినప్పుడు ఆ గ్రామము చెంతనున్న స్టేషనునకు సంత సూరదాసు పేరు పెట్టిరి. ఆ మహానుభావుడు పుట్టిన కాలమున ఫరీదాబాదు అను ఊరే లేదు. అది 1607లో వెలసినది. అప్పుడు ఢిల్లీని బహలూల్ లోడీ యేలుచుండెను. సీహీలో ఒక నిరుపేద సారస్వత బ్రాహ్మణునకు నాల్గవ కుమారుడుగా సూరదాసు జన్మించెనని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. వారి లెక్క ననుసరించి అది విక్రమశకము 1535, అనగా క్రీస్తుశకము 1478 ప్రాంతము. తిథి వైశాఖ శుద్ధ పంచమి. అద్వైతాచార్యులగు శంకరభగవత్పాదుల జయంతియు, సగుణభక్తి గాయకుడగు సూరదాసు జయంతియు ఒక్క దినముననే జరుగుట వింతైన కూడిక.

ఆగ్రాకు సమీపముననున్న రునకతా గ్రామమే ఆయన జన్మస్థలమని వాదించువారును కలరు. సీహీయని స్పష్టముగా చెప్పినవాడు వల్లభసంప్రదాయమునకు చెందిన హరిరాయ గోస్వామి. ఆ సంప్రదాయమున ఎనుబదినలుగురు వైష్ణవుల కథలను చెప్పు వార్తాగ్రంథ మొకటి కలదు. దానికి ఆయన పదునేడవ శతాబ్దమున వ్యాఖ్య వ్రాసెను. సూరదాసు బాల్యమును గూర్చి మనకు తెలిసినదంతయు ఆ వ్యాఖ్య వలననే. అది భక్తులు భక్తులకొరకు వ్రాసిన గ్రంథము. అందలి ప్రతి విషయమును చరిత్రయని పట్టుకొనుట తగదు. అట్లని దానిని త్రోసివేసినచో చెప్పుటకు మిగులునది లేదు.

శిశువు పుట్టుగ్రుడ్డి. చూపు లేకుండుటయే కాదు, కన్నుల యాకారమైనను లేదనియు, కనుబొమలు మాత్రమే యుండెననియు వ్యాఖ్యాత చెప్పుచున్నాడు. పేదయింట అట్టి బిడ్డ కలిగిన తలిదండ్రులు సంతోషింపలేదు. తినుటకే లేని యింట పనికిరాని బిడ్డ యేలయని వారు నొచ్చుకొనుచుండిరి. ఆ మాటలు బాలుని చెవిని పడుచునే యుండెను. కన్నులు లేనివానికి చెవులు చురుకు గదా!

ఆరేండ్ల ప్రాయమున నొక సంఘటన జరిగినది. ఎవరో దాత తండ్రికి రెండు బంగారు మొహరీలు దానమిచ్చెను. తండ్రి వానిని గుడ్డలో మూటకట్టి దాచెను. ఆ రాత్రి ఎలుకలు ఆ మూటను ఈడ్చుకొనిపోయినవి. తెల్లవారినంతనే యింట ఏడ్పులు పుట్టినవి. మూట యెచ్చటనున్నదో తాను చెప్పుదుననియు, అందుకు ప్రతిఫలముగా తనను ఇల్లు విడిచి పోనీయవలెననియు బాలుడు కోరెను. చెప్పిన తావుననే మొహరీలు దొరకినవి. అప్పుడు తలిదండ్రులకు ఆ బిడ్డపై మమకారము పుట్టి వలదని బ్రతిమాలిరి. బాలుడు మాట తప్పక చేతికఱ్ఱ పట్టుకొని వెడలిపోయెను. పనికివచ్చునని తెలిసిన పిదప కలిగిన ప్రేమను ఆ పసివాడు నమ్మలేకపోయెను కాబోలు.

సీహీకి నాలుగు కోసుల దూరముననున్న మఱియొక గ్రామమున, చెరువుగట్టున, రావిచెట్టు క్రింద ఆయన ఆగెను. ఆ యూరి జమీందారు ఆవులు పది తప్పిపోగా, అవి యెచ్చటనున్నవో బాలుడు చెప్పెను. అంతట జమీందారు చెట్టుక్రింద కుటీరము వేయించి యిచ్చెను. ప్రశ్నలడుగువారు రాసాగిరి, శిష్యులు చేరిరి, కంఠము మధురమైనది కనుక సంగీతము నేర్చువారును వచ్చిరి. కానుకలు, వస్త్రములు, వాద్యములు, పరివారము ఒక్కొక్కటిగా కుదిరినవి. పదునెనిమిదేండ్లు వచ్చునప్పటికి సూరదాసు స్వామి యనిపించుకొనెను. ఒకనాటి రాత్రి ఆయనకు మెలకువ వచ్చి, తాను ఇల్లు విడిచినది దేనికొరకో, చేరినది యెక్కడికో తలపునకు వచ్చెను. వదలిన సంసారము కంటె పెద్ద సంసారము చెట్టుక్రింద పెరిగినది! తెల్లవారగానే తలిదండ్రులను పిలిపించి సమస్తమును వారికప్పగించి, కట్టుబట్టతో మరల బాట పట్టెను. పేదరికములో ఇల్లు విడుచుట కంటె ఈ రెండవ త్యాగము కష్టతరమైనది. సూరదాసు చరిత్రలో గురుదర్శనమునకు పూర్వమే జరిగిన పెద్దపని ఇది యని చెప్పవచ్చును.

మథురకు పోయి, అచ్చట జనసమ్మర్దము గిట్టక, ఆగ్రా మథురల నడుమ యమునాతీరమున గౌఘాట్ అను రేవునొద్ద ఆయన స్థిరపడెను. అచ్చట పాడిన పాటలన్నియు వినయపదములు. తాను పాపులలో మొదటివాడననియు, తనవంటి పతితుని ఉద్ధరింపనిచో పతితపావనుడను బిరుదు చెల్లదనియు భగవంతునితో మొఱపెట్టుకొను పాటలవి. వినువారు కన్నీరు పెట్టుకొనుచుండిరి.

ఇట్లుండగా 1510 ప్రాంతమున శ్రీవల్లభాచార్యులు ప్రయాగ సమీపముననున్న అడేల్ నుండి వ్రజభూమికి పోవుచు గౌఘాట్‌లో విడిది చేసిరి. వల్లభులు మన తెలుగువారు, వెలనాటి బ్రాహ్మణులు. తండ్రి లక్ష్మణభట్టు, తల్లి ఇల్లమ్మ. హిందీ వ్రాతలలో నేటికిని ఆమె పేరు ఇల్లమ్మాగారూ యనియే కానవచ్చును. మన గారు అను గౌరవశబ్దము ఉత్తరదేశమున పేరులో భాగమై నిలిచిపోయినది. ఆచార్యులు జన్మించినది చంపారణ్యమున. సూరదాసు కంటె పదిదినములు మాత్రమే పెద్దవారని సంప్రదాయము. ఆయన బోధించినది శుద్ధాద్వైతము. జగత్తు మిథ్య కాదు, బ్రహ్మమే జగద్రూపమున నున్నదనునది ఆ సిద్ధాంతసారము. భగవదనుగ్రహమునకు పుష్టి యని పేరు. ఆ యనుగ్రహమునే నమ్మి నడచు మార్గము పుష్టిమార్గము.

ఆచార్యులు వచ్చిరని వినిన సూరదాసు వెంటనే పరుగెత్తలేదు. స్నానసంధ్యలు, భగవన్నివేదన, భోజనము ముగిసి వారు సుఖముగా కూర్చున్న పిదప కబురు తెమ్మని ఒకనిని పంపి, కబురు వచ్చిన తరువాతనే పోయి నమస్కరించెను. ఆచార్యులు పాడుమనిరి. ఆయన తన వినయపదములలో రెండింటిని పాడెను. అందఱును కరగిపోవు ఆ పాటలకు ఆచార్యులు కరగలేదు. సూర్ అను పేరు పెట్టుకొని యిట్లు దీనముగా మూలుగనేల యనియు, భగవల్లీలను వర్ణింపుమనియు వారు మందలించిరి. సూర్ శబ్దమునకు వ్రజభాషలో శూరుడను అర్థమును కలదు. లీల తనకు తెలియదని సూరదాసు ఒప్పుకొనెను. ఆ యొప్పుకోలుతో ఆయన జీవితము మలుపు తిరిగినది.

యమునలో స్నానము చేసి రమ్మని ఆచార్యులు ఆజ్ఞాపించిరి. అష్టాక్షరీమంత్రమునుపదేశించి, తన్ను తాను స్వామికర్పించుకొను బ్రహ్మసంబంధదీక్షనిచ్చిరి. భాగవత దశమస్కంధముయొక్క అనుక్రమమును వినిపించిరి. వినుచున్నకొలది ఆ గ్రుడ్డివాని హృదయమున గోకులము మేల్కొనెను. నందునింట కొడుకు పుట్టినాడని వ్రజమంతయు పొంగిపోవు పదము నాటనే ఆయన నోట వెలువడెనని వార్త చెప్పుచున్నది.

ఆచార్యుల మందలింపు కఠినముగా తోచవచ్చును. పాపినని యేడ్చుటలో తప్పేమి? దైన్యము భక్తికి అంగమని పెద్దలందఱును చెప్పియున్నారు గదా. కాని ఒక సూక్ష్మము కలదు. నేను పాపిని, నేను నీచుడను, నావంటివాడు లేడని యెంతకాలము పాడినను ఆ పాటకు నడిబొడ్డున నిలిచియుండునది నేను అనునదియే. గర్వమువలెనే ఆత్మనిందయు ఒక్కొక్కప్పుడు మనస్సును తనచుట్టు తానే త్రిప్పును. ఆచార్యులు చేసినది ఆ చూపును త్రిప్పుట. తన లోతును తాను త్రవ్వుకొనుచున్నవానికి త్రవ్వుట మాని తలయెత్తి చూడుమనిరి. అందును కన్నులు లేనివానితో ఆ మాట చెప్పిరి.

ఈ సమాగమము జరుగనేలేదని నేటి పండితులు కొందరు సందేహించుచున్నారు. రాజస్థానమున ఫతేపూర్‌లో 1582లో వ్రాసిన ప్రతి సూరదాసు పదములకు మనకు దొరకిన మిక్కిలి పాత వ్రాతప్రతి. అందు ఆయన పదములు రెండువందలకు పైగా కలవు. వానిలో వల్లభుల ప్రసక్తి లేదు; వినయపదములు నిండుగా కలవు. పూర్వము పాడి తరువాత విడిచినవని వార్త చెప్పు పాటలే పాతప్రతులలో నింత చోటు నాక్రమించుట ఆలోచింపదగిన విషయము. వార్తాగ్రంథము ఒక మహాగాయకుని తన సంప్రదాయములోనికి తెచ్చుకొనుటకు వ్రాసిన కథ యని వారి తలంపు. ఈ వాదమును తేలికగా కొట్టివేయరాదు. దీక్ష పొందినను పొందకున్నను, దైన్యమును లీలారసమును రెండును ఆయన కంఠమున తుదివఱకు కలిసియుండెననుట సత్యమునకు దగ్గరయగును. భక్తుని హృదయము ఒక్క మాటతో పాతబట్టవలె విడిచి క్రొత్తబట్ట కట్టునది కాదు.

వ్రజమునకు చేరిన సూరదాసునకు గోవర్ధనగిరిపై శ్రీనాథజీ ఆలయమున కీర్తనసేవ దొరకినది. 1530 ప్రాంతమున ఆచార్యులు కాశిలో దేహము చాలించిన పిదప, వారి ద్వితీయకుమారులు విఠ్ఠలనాథులు ఆ సేవను విస్తరింపజేసిరి. తండ్రిగారి శిష్యులు నలుగురు, తమ శిష్యులు నలుగురు, మొత్తము ఎనమండుగురు గాయకులను చేర్చి అష్టఛాప్ అను పేరిడిరి. సూరదాసు, కుంభనదాసు, పరమానందదాసు, కృష్ణదాసు మొదటి నలుగురు. గోవిందస్వామి, ఛీతస్వామి, చతుర్భుజదాసు, నందదాసు తక్కిన నలుగురు. వీరిలో అగ్రగణ్యుడు సూరదాసే.

ఆ సేవాక్రమమును తెలిసికొన్నగాని ఆయన సాధన యెట్టిదో బోధపడదు. బాలకృష్ణుని దినచర్య ననుసరించి నిత్యము ఎనిమిది దర్శనములు జరుగును: మంగళ, శృంగార, గ్వాల, రాజభోగ, ఉత్థాపన, భోగ, సంధ్యాహారతి, శయనము. పిల్లవాడు నిద్ర లేచుట, అలంకరించుకొనుట, ఆవులతో పోవుట, మధ్యాహ్నభోజనము, పగటినిద్ర, సాయంకాలము ఇల్లు చేరుట ఈ సమయములలో నిమిడియున్నవి. ప్రతి దర్శనమునకు తగిన రాగము, తగిన పదము పాడవలెను. ఋతువు మారిన పదము మారును. పండుగ వచ్చిన మారును. ఇట్లు ఒకటి రెండు నెలలు కాదు, బ్రతికినన్నాళ్లు. మనస్సును ఒక్కచోట నిలుపుటయే యోగమైనచో, ఏండ్లతరబడి దినమున కెనిమిదిమారులు మనస్సును నందునింటి వాకిట నిలిపినవానిది యోగము కాక మరేమి? ఆసనము, ప్రాణాయామము పేర్కొనకుండగనే ఆయన యోగియయ్యెను.

ఆ పదముల సంపుటమునకు సూరసాగరమని పేరు. లక్షపైచిలుకు పదములు చెప్పెనని వాడుక. ఇరువదవ శతాబ్దమున కాశీనాగరీప్రచారిణీసభ ప్రకటించిన ప్రతియందు సుమారు 5 వేలు కలవు. వానిలో తరువాతివారు చేర్చినవి యెన్నియో కలవనుట స్పష్టము. నదులు వచ్చి కలియుచుండుటచేతనే సాగరమను పేరు సార్థకమైనది కాబోలు. అందు బాలకృష్ణుని వెన్నదొంగతనములు, జుట్టు పెరుగలేదని తల్లితో తగవులు, మన్ను తినుటలు, చంద్రుని బొమ్మగా నిమ్మని మారాములు మనయిండ్లలో నిన్న మొన్న జరిగినట్లుండును. తల్లిముద్దుకు నోచుకొనని పిల్లవాడు యశోద ముద్దును అంత నిండుగా పాడుట చదువరి మనస్సున మెదలక మానదు.

బాల్యలీల తరువాత భ్రమరగీతము ఆ గ్రంథమునకు శిఖరము. మథురకు పోయిన కృష్ణుడు జ్ఞానియగు ఉద్ధవుని గోపికలయొద్దకు పంపును. భాగవతమున గోపికలు ఆ సందేశము విని యోదార్పు పొందుదురు. సూరదాసు గోపికలు అంత సులభముగా లొంగలేదు. నిర్గుణుని ధ్యానింపుడని ఉద్ధవుడు చెప్పగా, ఆ నిర్గుణుడేయూరివాడు, తలిదండ్రులెవరు అని పల్లెటూరి గడుసుదనముతో నిలదీయుదురు. ధ్యానించుటకైనను మనస్సు తమ చేత మిగిలియుండవలెను గదాయన్నదే వారి వాదసారము. బోధింపవచ్చినవాడు శిష్యుడై మరలిపోవును. దీనినిబట్టి సూరదాసు నిర్గుణమును నిరాకరించెనని తలంపరాదు. అది వాక్కునకును మనస్సునకును అందనిదని ఒప్పుకొనియే, అందుచేతనే తాను సగుణమును పాడుచున్నానని ఆయన చెప్పుకొనెను. దేహధారులకు అవ్యక్తోపాసన మిక్కిలి క్లేశకరమని గీతయందలి భక్తియోగాధ్యాయము చెప్పినదియు నిదియే.

తెలుగువారికి ఇచ్చట పోతనామాత్యుడు జ్ఞప్తికి రాక మానడు. ఇరువురును భాగవతము నాశ్రయించినవారే. ఇరువురి కాలమును ఇంచుమించు దగ్గరదే. పోతన రాజునకు కావ్యమీయలేదన్నట్లే సూరదాసును గూర్చియు ఒక కథ కలదు. ఆయన పదములు విని అక్బరు చక్రవర్తి మథురలో ఆయనను కలిసికొనెనట. మొదట వైరాగ్యబోధకమగు పదము నొకదానిని విని సంతసించి, తన కీర్తిని పాడుమని అడిగెను. నందకుమారుడుండగా హృదయమున మరియొకనికి చోటులేదని సూరదాసు పాటతోనే జవాబు చెప్పెను. ఆ పాట చివర, దర్శనమునకై తన కన్నులు దాహముతో నల్లాడుచున్నవను భావము కలదు. చక్రవర్తి సందేహపడి, చూపేలేని కన్నులకు దాహమెట్లని అడిగెను. సూరదాసు బదులు పలుకలేదు. ఆయన కన్నులు భగవంతునియొద్దనే యున్నవి కాబోలునని చక్రవర్తియే తనలో సమాధానపడెనని వార్తలోని కథ. అబుల్ ఫజలు వ్రాసిన ఆస్థానగాయకుల పట్టికలో సూరదాసను పేరొకటి కానవచ్చుటచే ఈయనయే ఆస్థానమున కొలువు చేసెనని భ్రమించినవారు కలరు. అతడు రామదాసు కుమారుడగు మరియొక గాయకుడు. అట్లే ఆయన తన కన్నులను తానే పొడుచుకొనెనను కథ బిల్వమంగళుని చరిత్రనుండి వచ్చి చేరినది. చింతామణి నాటకము చూచిన తెలుగువారికి బిల్వమంగళుడు పరిచితుడే.

కన్నులను గూర్చిన మరియొక కథ గోకులమున జరిగినది. నవనీతప్రియస్వామి కెట్టి యలంకారము చేసినను సూరదాసు చూచినట్లే వర్ణించి పాడుచుండుట విఠ్ఠలనాథుల కుమారులకు ఆశ్చర్యము కలిగించెను. ఎవరైనను ముందుగా చెప్పుచున్నారేమోయని పరీక్షింప దలచి, వేసవియగుటచే నొకనాడు స్వామికి వస్త్రమేమియు కట్టక ముత్యాలసరములు మాత్రము వేసి తలుపులు తెరచిరి. సూరదాసు ఒక్క క్షణమాగి, చిరునవ్వుతో, దిసమొలతోనున్న బాలుని ముత్యములను, శరీరకాంతిని వర్ణించుచు పాడసాగెను. బాలకులు సిగ్గుపడి నవ్విరి. ఆయన తమను తప్పుపట్టలేదు.

నూరేండ్లకు పైబడి బ్రతికెనని చెప్పుదురు. 1580 ప్రాంతమున నొకనాడు, అంత్యకాలము సమీపించెనని తెలిసికొని, గోవర్ధనమునకు దగ్గరగా చంద్రసరోవరము చెంతనున్న పరాసోలీ గ్రామమునకు వచ్చి, శ్రీనాథజీ ధ్వజమునకు అభిముఖముగా నేలపై పరుండెను. ఆలయమున శృంగారసమయమున ఆయన పాట వినరాకపోవుటతో విఠ్ఠలనాథులకు సంగతి తెలిసినది. పుష్టిమార్గపు ఓడ రేవు విడుచుచున్నదనియు, దానినుండి తీసికొనదలచినవారు ఇప్పుడే పోయి తీసికొనుడనియు తక్కినవారిని పంపిరి. తాము మాత్రము స్వామిసేవను మధ్యలో విడువక, రాజభోగమైన పిదపనే బయలుదేరిరి. సూరదాసైనను అదియే కోరియుండును.

చుట్టును చేరినవారిలో చతుర్భుజదాసునకు ఒక కొఱత తోచినది. ఇన్ని వేల పదములు స్వామిపై చెప్పిన సూరదాసు గురువగు వల్లభులను కీర్తింపలేదేమని ఆయన అడిగెను. తాను పాడినదంతయు గురుకీర్తనమేయనియు, ఇరువురును వేరని తోచినచో వేరుగా పాడియుండెడివాడననియు సూరదాసు చెప్పి, గురుచరణములను గూర్చి యొక పదము పాడెను. అటుపిమ్మట విఠ్ఠలనాథులు ఆయన చిత్తవృత్తి ఎచ్చటనున్నదని అడిగిరి. ఆయన రాధాకృష్ణులను పాడెను. నేత్రవృత్తి ఎచ్చటనున్నదని మరల అడిగిరి. పుట్టుగ్రుడ్డిని అడిగిన ప్రశ్న యది! కాటుకపిట్టలవంటి కన్నులు రూపరసమున మత్తిల్లి ఆగలేక యెగురుచున్నవను భావముతో సూరదాసు కడపటి పదము పాడి దేహము విడిచెను.

1669లో ఔరంగజేబు కాలమున శ్రీనాథజీ మూర్తిని గోవర్ధనము నుండి తరలించి, 1672లో మేవాడమున ప్రతిష్ఠించిరి. ఆ యూరు నాథద్వారమయ్యెను. మూర్తి వెంట కీర్తనసేవయు తరలిపోయినది. అష్టఛాప్ గాయకులలో సూరదాసు వంతు ఉత్థాపనవేళయని, అనగా బాలుడు పగటినిద్రనుండి లేచు సమయమని, సంప్రదాయము చెప్పుచున్నది. నాథద్వారమున నేటికిని అపరాహ్ణమున ఆ దర్శనమునకు తలుపులు తెరచునప్పుడు కీర్తనకారులు వ్రజభాషాపదములు పాడుచుందురు.